తమ్ముడి వయసు

తమిళ మిల్లుల పేట పీలమేడులోని ఆ ఇంజనీరింగ్ కాలేజీలో లిఫ్టు ఉంది. అది సార్లకీ, మేడమ్‌లకీ, చూడ్డానికొచ్చే పెద్దమనుషులకీ. ల్యాబు అటెండరు దురైసామికి మెట్లు. మూడో అంతస్తుకి డెబ్బై రెండు మెట్లు. ఇరవై ఒక్కేళ్లుగా ఎక్కుతున్నాడు గనక ఆ లెక్క అతని కాళ్లకే తెలుసు. ఈమధ్య రొమ్ముకీ తెలిసింది. నలభయ్యో మెట్టు దగ్గర ఆగిపోతాడు. ఎవరైనా వస్తున్న అలికిడైతే జేబులోంచి ఫోను తీసి చూస్తున్నట్టు నిలబడతాడు. ఫోన్లో ఏమీ ఉండదు. ఆయాసం తగ్గాక మళ్లీ ఎక్కుతాడు.

ఆ ఆయాసం కాలేజీ పెట్టింది కాదు. అంతకుముందు పదిహేడేళ్లు స్పిన్నింగు మిల్లులో, దూదిని దువ్వే మిషన్ల దగ్గర పనిచేశాడు. పొద్దున నల్లతలతో వెళ్లి సాయంత్రం తెల్లతలతో ఇంటికొచ్చేవాడు. తలమీద పడ్డ దూది కడుక్కుంటే పోయింది. లోపలికి పోయిన దూదిని కడిగే కుళాయి ఎక్కడుంది? పోయిన చలికాలం డాక్టరు ఎక్సురే వెలుతురుకి పట్టి చూసి, మెట్లెక్కే పని మానుకొమ్మన్నాడు. డాక్టర్లకేం, నోటితో మానిపిస్తారు.

మానుకోవడానికి దారి లేకపోలేదు. కాలేజీ వెనక గేటు దగ్గర ఒక కుర్చీ, ఒక రిజిస్టరు ఉన్నాయి. వచ్చే బండి నంబరు రాసుకోవడం, పోయే బండి నంబరు రాసుకోవడం, అంతే పని. కానీ ఆ కుర్చీకి జీతం మూడోవంతు తక్కువ. ఇంట్లో భార్య ఇరుళాయి ఇడ్లీ పిండి రుబ్బి వీధిలో అమ్ముతుంది. ముసలి తల్లి పొన్ను మందులకే పిండి డబ్బులు సరిపోతాయి. ఆ తగ్గే మూడోవంతు ఎక్కడినుంచి తేవాలన్నదే దురైసామి ప్రశ్న.

జవాబు టీకొట్టు దగ్గర దొరికింది. గోపాలసామి పాత మిల్లు యూనియన్ మనిషి. మిల్లు మూతపడి, ఆ జాగాలో అపార్టుమెంట్లు లేచి, వాటికి రెండోసారి సున్నం కొట్టినా, ఆయన మాత్రం ఇంకా ఎవరికి ఏ బాకీ రావాలో గుర్తుపెట్టుకుని తిరిగేవాడు.

"దురై, నీకీ మే నెలలో యాభై ఎనిమిది నిండింది గదా? మిల్లు పెన్షన్‌కి రాసి పెట్టినావా?"

"నేను ఇంకా పనిలో ఉండాను గదన్నా. పని విడిస్తేనే గదా పెన్షన్?"

"ఎవురు చెప్పిరి నీకు? యాభై ఎనిమిది నిండితే సరి, నువ్వు యాడ పని చేస్తా ఉన్నా నీది నీకు వస్తాది. ఇప్పుడే వద్దంటే అరవై దాకా ఆపి పెట్టు, ఏడాదికి నూటికి నాలుగు కూడతాది. ఇప్పుడు తీసుకునేదా, అప్పుడు తీసుకునేదా, అంతా నీ ఇష్టం."

"నా ఇష్టమా?" అన్నాడు దురైసామి. ఆ మాట అతనికి కొత్త. మిల్లులో చేరడం తండ్రి ఇష్టం, మిల్లు మూయడం దాని ఓనరు ముతలాళి ఇష్టం, మెట్లు కట్టడం ఇంజనీరు ఇష్టం. పుట్టి బుద్ధెరిగాక ఇది కావాలా అది కావాలా అని అతన్ని అడిగినవాళ్లు లేరు. టీ చల్లారిపోయినా తాగకుండా అక్కడే చాలాసేపు కూర్చున్నాడు.

ఆ వారం రోజులూ ఇంట్లో అదే చర్చ. ఇరుళాయి జాగ్రత్తపరురాలు. పిండిలో నీళ్లు కూడా గ్లాసుతో కొలిచి పోస్తుంది.

"రెండేండ్లు ఓర్చుకుంటే కూడతాదంట గదా మావా? ఇంత నాళ్లు ఓర్చుకుంటిమి."

"ఆ రెండేండ్లు మెట్లెక్కేది ఎవురు? నువ్వెక్కుతావా?"

ఆ పూట అతను అన్నం తింటూ, ముద్దకీ ముద్దకీ మధ్య ఆగి ఊపిరి తీసుకోవడం ఇరుళాయి చూస్తూ కూర్చుంది. కంచం తీసేటప్పుడు అంది: "సరి, ఇప్పుడే తీసుకో. ఉండేది చాలు." దురైసామికి నవ్వొచ్చింది. పెన్షన్ నెలకు రెండువేలకి అటూ ఇటూ వస్తుంది, జీతంలో తగ్గేదాంట్లో సగం పూడుతుంది, మిగతా సగానికి టీలు మానేస్తే సరి. మర్నాడు మెట్లెక్కుతూ గేటు దగ్గరి కుర్చీకి ఒక పాత దిండు కూడా మనసులో వేసుకున్నాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. చెప్తే దురైసామిని దొంగ అనుకునేవాళ్లు అనుకుంటారు. అనుకోనీ.

దురైసామి ఒక్కడు కాదు. వాళ్ల తాత పేరు దురైసామి. ఆయన పోయాక తండ్రి మారిముత్తు, పుట్టే మగబిడ్డలందరికీ ఆ పేరే పెడతానని కులదేవత ముందు మాటిచ్చాడు. ఆ వీధుల్లో అది వింతేమీ కాదు. ఒకే ఇంట్లో పెద్ద కరుప్పన్, చిన్న కరుప్పన్ ఉన్న ఇళ్లు నాలుగైనా దొరుకుతాయి. అలా పెద్ద దురైసామి 1967 మేలో పుట్టాడు, చిన్న దురైసామి 1972 జూన్ పదిన. ఇంట్లో పెద్దోడా, చిన్నోడా అని పిలుచుకునేవాళ్లు. బడి కాయితాల మీద ఇద్దరూ ఎం. దురైసామే. పెద్దోడు ఎనిమిదో తరగతి తప్పాడు. చిన్నోడు చదువరి. అయిదు పాసై, పెద్ద బళ్లో ఆరులో చేర్చడానికి టీసీ కూడా తెచ్చుకున్నాడు. బడి తెరవకముందే, ఆ మే నెలలో, కామెర్లు కమ్మి నాలుగు రోజుల్లో పోయాడు. ఆ టీసీ ఏ బడికీ చేరలేదు. తల్లి దాన్ని ట్రంకు పెట్టెలో తన పెళ్లిచీర మడతలో పెట్టింది.

మిల్లు మూతపడినప్పుడు పెద్దోడికి ముప్పై ఆరేళ్లు. మరుసటి ఏడు కాలేజీలో అటెండర్లు కావాలన్నారు. అయిదు పాసై ఉండాలి, ముప్పై అయిదు దాటకూడదు. అప్పటికతనికి ముప్పై ఏడు నిండాయి. ఇంట్లో పొయ్యి ఒక పూటే వెలుగుతోంది, కూతురు తమిళ్‌సెల్వి బళ్లో చదువుతోంది. ట్రంకు పెట్టె తెరిచింది తల్లే. చీర మడతలోంచి కాయితం తీసి, కొడుకు చేతిలో పెట్టి, పెట్టె మూసి వెళ్లిపోయింది. రెండేళ్లు ఎక్కువైనందుకు అతను అయిదేళ్లు తగ్గించుకున్నాడు. ఆ టీసీలో గుర్తుగా ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ అని రాసి ఉంది. దురైసామికి ఆ మచ్చ లేదు. ఎవరూ చూడలేదు, అడగలేదు. అయినా ఆనాటినుంచి ఎంత ఎండలోనూ అతను పొడుగు చేతుల చొక్కానే వేసుకుంటున్నాడు.

తర్వాత ఆధార్ కార్డు వచ్చింది. అందరితో పాటు అతన్నీ కాలేజీ గుర్తింపు కాయితం తెమ్మన్నారు, తెచ్చాడు. ఆధార్‌లోనూ తమ్ముడి పుట్టినరోజే పడింది. మిల్లు కాయితం మిల్లుది, కాలేజీ కాయితం కాలేజీది, ఆ రెండూ ఎక్కడ ఎదురుపడతాయిలే అనుకున్నాడు. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, ఫారాల్లో ఇంగ్లీషు. మూడింట్లో ఏదీ పూర్తిగా చేతిలో లేని మనిషి అలాగే అనుకుంటాడు.

ఆ రెండు కాయితాలూ జూన్ మొదటివారంలో, పీఎఫ్ ఆఫీసు కౌంటరు బల్లమీద ఎదురుపడ్డాయి.

కౌంటరులో ఉన్న అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయి. మంచి పిల్ల. అతను ఆయాసపడుతుంటే ముందు కుర్చీ చూపించింది, నీళ్లు తాగమంది. మిల్లు ఇచ్చిన పాత పెన్షన్ సర్టిఫికెట్టునీ ఆధార్‌నీ పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత తమిళంలో మెల్లగా అడిగింది.

"అయ్యా, ఈ సర్టిఫికెట్టులో 1967 ఉంది. మీ ఆధార్‌లో 1972. పేరు ఒకటే, తండ్రి పేరు ఒకటే. ఇది మీ అన్నగారిదా?"

దురైసామి ఆ రెండు కాయితాలనీ మార్చి మార్చి చూశాడు.

"మీ అన్నగారు ఉన్నారా?"

"ఉన్నారు," అన్నాడు. వెంటనే, "లేరు," అన్నాడు.

ఆ అమ్మాయి ముఖం జాలిగా పెట్టింది. "పోయారా? అయితే మీకు రాదయ్యా. ఆయన భార్య రావాలి. మరణ ధ్రువపత్రం తేవాలి."

తన పెన్షన్‌కి తన భార్య తన చావు కాయితం పట్టుకుని రావాలి. దురైసామి బల్ల అంచు పట్టుకుని, "ఇది నాదే మేడం. మిల్లులో పదిహేడేళ్లు చేసింది నేనే," అన్నాడు.

ఆమె విసుక్కోలేదు. విసుక్కుని పొమ్మన్నా బాగుండేది, తిట్టుకుంటూ ఇంటికి పోయేవాడు. ఓపిగ్గా రెండు దారులు చెప్పింది. మొదటిది, 1967 నిజమైతే ఆధార్‌ని దిద్దించుకోవాలి. అప్పుడు కాలేజీ పీఎఫ్ లెక్కలోనూ అదే పడుతుంది, కాలేజీ సంతకం పెట్టాలి. రెండోది, 1972 నిజమైతే మిల్లు సర్టిఫికెట్టుని దిద్దించాలి, దానికి మిల్లు సంతకం పెట్టాలి. "కానీ 1972 అయితే మీరు మిల్లులో చేరేటప్పటికి పద్నాలుగేళ్లే కదయ్యా. ఆ వయసు పిల్లవాణ్ణి మేం పనిలో పెట్టుకున్నాం అని ఏ మిల్లు రాసిస్తుంది?"

"మిల్లే లేదమ్మా," అన్నాడు దురైసామి.

"అరవై దాకా ఆగితే?" అనీ అడిగాడు. గోపాలసామి చెప్పిన మాట అదొక్కటే మిగిలింది. ఆగితే పెన్షన్ పెరుగుతుంది కానీ కాయితాలు మారవని ఆమె చెప్పింది. వెనకాల వరసలో ఇంకో ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. అతను సర్టిఫికెట్టుని మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

ఆ సాయంత్రం పక్క వీధిలో కాపురముంటున్న తమిళ్‌సెల్వి వచ్చింది. కొరియర్ ఆఫీసులో పని చేసే పిల్ల. ఏ పొట్లం ఎక్కడ చిక్కుకుందో ఫోను చేసి కనుక్కుంటే తెలిసిపోతుందని ఆమె నమ్మకం.

"నాయినా, కాలేజీలో నిజం చెప్పేయ్. ఎన్నాళ్లని భయపడేది? యాభై ఎనిమిది అంటే రిటైర్ చేస్తారు, చెయ్యనీ. రావలసింది ఇచ్చేసి పంపుతారు."

"రిటైర్ చెయ్యరు పాపా," అన్నాడు దురైసామి. "పోయినేడు బస్సు డ్రైవరు ఒకడు తప్పు సర్టిఫికెట్ ఇచ్చినాడని తెలిసింది. పొద్దున పిలిచిరి, మధ్యాన్నానికి గేటు బయట నిలిపిరి. వానికి ఒక్క పైసా ఇయ్యలేదు."

"అయితే అవ్వని ఒక అఫిడవిట్ ఇయ్యమందాం. చిన్నాయన చిన్నప్పుడే పోయినాడు, ఆ టీసీ వాడిది, ఇంటి కష్టంలో ఇచ్చినాం అని. వక్కీలు దగ్గర రాయిద్దాం."

"వాడు పోయినట్టు ఆఫీసులో రాసిచ్చింది లేదు. మీ తాతకి ఆ మాటే తోచలేదు."

"అందుకే గదా అవ్వ చెప్పాల!"

దురైసామి వసారాలో మంచం మీద పడుకున్న తల్లి వైపు చూశాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. చెవి కొంచెం దూరం. నలభై రెండేళ్లలో ఆమె చిన్నోడు చచ్చిపోయాడు అన్న మాట ఒక్కసారీ పలకలేదు. చిన్నోడు లేడు అంటుంది, వాడుండింటే అంటుంది, అంతవరకే. ఇప్పుడు ఆమె వేలికి సిరా పూసి, పోయాడని కాయితం మీద ముద్ర వేయించాలి. "అది నా చేత కాదు," అన్నాడు. కూతురికి కోపం వచ్చింది. "ఏదీ చేత కాదంటే యాడికి పోదాం నాయినా?" అని కళ్లు తుడుచుకుంది. ఇరుళాయి రుబ్బిన పిండినే మళ్లీ రుబ్బడం మొదలుపెట్టింది.

దురైసామికి సిగ్గేసింది. భయమూ వేసింది. అన్నిటికన్నా ఎక్కువగా, ఎవరిమీదా కోపం తెచ్చుకోలేకపోతున్నందుకు ఉక్రోషం వచ్చింది. కౌంటరు పిల్లది తప్పు కాదు. కాలేజీది కాదు. అప్పుడు కాయితం తీసిచ్చిన తల్లిది అసలే కాదు. ఆ రోజు ఆ కాయితం పుచ్చుకోకపోతే ఈ కూతురు పన్నెండో తరగతి చదివేదా?

నాలుగు రోజులు ఆలోచించాడు. అయిదో రోజు ఒక సగం ధైర్యం కూడగట్టుకున్నాడు. పెన్షన్ మాట ఎత్తకుండా, నిజం చెప్పకుండా, గేటు పని ఒక్కటి అడుగుతాను. జీతం తగ్గితే తగ్గనీ, పూటకు ఒక ఇడ్లీ తక్కువ తింటాం. ముందు ఊపిరి నిలవాలి కదా అనుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఆఫీసు సూపరింటెండెంటు గదికి వెళ్లాడు.

తలుపు తీసేసరికి లోపల పదిమంది ఉన్నారు. ల్యాబు అసిస్టెంట్లు, టైపిస్టు, తోటమాలి. బల్లమీద చిన్న కేకు. సూపరింటెండెంటు కంప్యూటర్లోంచి తల తిప్పి నవ్వాడు.

"రావయ్యా రా, నిన్నే పిలవబోతున్నాం! జూన్ పది, నీ పుట్టినరోజు. ఈ ఏడాదినుంచి పాత స్టాఫు అందరికీ కేకు కోయించాలని కొత్త ప్రిన్సిపాల్ చెప్పారు."

చప్పట్లు కొట్టారు. పాట పాడారు. ఎవరో చేతిలో ప్లాస్టిక్ కత్తి పెట్టారు. కేకు మీద తెల్ల క్రీముతో 53 అని రాసి ఉంది. దురైసామి ఆ అంకె చూసి, ఎక్కడ కోయాలో తెలియక, పక్కనుంచి ఒక ముక్క కోశాడు. టైపిస్టు, "ఈ ఎండలో కూడా పొడుగు చేతులేనా అన్నా?" అని నవ్వింది. అతను చేయి వెనక్కి లాక్కున్నాడు.

అందరూ వెళ్లాక అడిగాడు. వెనక గేటు కుర్చీ ఖాళీ అవుతోందట, తనకిస్తే బాగుంటుంది, మెట్లు ఎక్కలేకపోతున్నాను అని.

సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు. అతని భుజం తట్టాడు.

"యాభై మూడుకే గేటా? అది రిటైరైన ముసలివాళ్లకయ్యా, యాభై ఎనిమిది దాటితేనే ఇస్తాం. నీకింకా అయిదేళ్ల సర్వీసుంది. నా వయసు యాభై ఆరు, నేను రోజూ నడుస్తాను తెలుసా? పొద్దున లేచి కొంచెం నడువు, అన్నీ పోతాయి."

చెప్పెయ్యాలి. నోరు తెరిస్తే ఒక్క వాక్యం. సార్, నాకు యాభై ఎనిమిది దాటింది. చెప్తే ఆ కుర్చీకి అర్హుడవుతాడు, చెప్పిన మరుక్షణం ఆ గేటు లోపల ఉండడానికే అర్హుడు కాడు. దురైసామి "సరి సార్" అన్నాడు. కేకు మిగిలింది, ఇంటికి తీసుకుపొమ్మని డబ్బాలో పెట్టి ఇచ్చారు. మూడో అంతస్తులో ల్యాబు తాళం వేసే పని మిగిలి ఉంది గనక, డబ్బా పట్టుకుని మళ్లీ మెట్లెక్కాడు. ఈసారి నలభయ్యో మెట్టు దాకా కూడా పోలేక, ముప్పయ్యో మెట్టు మీద కూర్చున్నాడు. కిందికి దిగుతున్న విద్యార్థులు పక్కకి తప్పుకుని వెళ్లారు. ఈసారి ఫోను తీయలేదు.

ఇంటికొచ్చేసరికి వసారాలో ఇంకా ఎండ ఉంది. ఇరుళాయి పిండి అమ్మడానికి వెళ్లింది. తల్లి మంచం మీద లేచి కూర్చుని ఉంది. అతను డబ్బా తెరిచి ఆమె ఒళ్లో పెట్టాడు.

"ఏమిరా పెద్దోడా ఇది?"

"కేకు, అమ్మా. కాలేజీలో ఇచ్చిరి."

"ఏంటికి ఇచ్చిరి?"

"పుట్నాళ్లకి."

"ఎవురికి పుట్నాళ్లు? నీది మేలోనే అయిపాయె గదరా."

దురైసామి ఆమె కాళ్ల దగ్గర నేలమీద కూర్చున్నాడు. అబద్ధం చెప్పడానికి ఇంట్లో కూడా ఊపిరి కావాలి, అతనికి అంత లేదు.

"చిన్నోడికి మా," అన్నాడు.

పొన్ను చేయి డబ్బామీద ఆగింది. తర్వాత ఒక వేలితో క్రీము తీసి నోట్లో పెట్టుకుంది.

"ఎన్నేండ్లు ఇప్పుడు వానికి?"

"యాభై మూడు."

"బాగా చూసుకుంటారా వాన్ని, ఆ కాలేజీలో?"

"చూసుకుంటారు మా. పాట పాడిరి."

"ఇంకా ఎన్నేండ్లు పని ఉండాది వానికి?"

"అయిదేండ్లు."

ఆమె తల ఆడించింది. ఒక కొడుకు లెక్క తేలినందుకు తృప్తి పడినట్టుంది. కాస్త వంగి, ఆయాసంతో ఎగిసిపడుతున్న అతని వీపు మీద చేయి వేసింది. అతని ఊపిరి తగ్గేదాకా ఆ చేయి తీయలేదు.

"నీకు?" అంది.

"నాది అయిపోయింది మా," అన్నాడు దురైసామి.

ఆమెకి వినబడిందో లేదో. డబ్బాలోంచి పెద్ద ముక్క ఏరి అతని చేతిలో పెట్టి, తినమంది.